మేయరమ్మమ్మ మీద నా పోటీ

పెళ్ళికి ఇరవై రోజుల ముందు, కాబోయే భార్య వాళ్ళ అమ్మమ్మ మీద ఎన్నికల్లో నిలబడ్డ పెళ్ళికొడుకును మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కణ్ణుంచి చర్ల అడవి దాకా జల్లెడ పట్టినా అలాంటివాడు ఒక్కడే దొరుకుతాడు. ఆ ఒక్కడే ఇప్పుడు మీతో మాట్లాడుతున్నాడు. మామూలుగా ఓడిపోయి ఉంటే ఈ కథ చెప్పేవాణ్ణి కాదు. ఓడిపోవడానికి కూడా ఒక పద్ధతీ పాడూ ఉంటాయి కదా, నా ఓటమికి అవి కూడా లేవు. చెప్తాను, కడుపారా నవ్వుకోండి. మా అత్తగారి వైపు వాళ్ళు తగిలితే మాత్రం గుర్తు చేయకండి. వాళ్ళకు బాగానే గుర్తుంది.

ముందే ఒక సంగతి చెప్పాలి. నేను పోటీ చేసిన పట్నం నేల మీద ఉండదు, ఫోన్‌లో ఉంటుంది. పేరు కొత్తరేవు. ఒక నది, నది పక్కన వీధులు, ఆ వీధుల్లో మనలాంటి వాళ్ళు ఫోన్‌లో నుంచే కట్టుకున్న ఇళ్ళు. అందరూ కలిసి ఆడే ఆట. చేరినవాళ్ళకు తలా ఒక జాగా ఇస్తారు. ఇల్లు కట్టుకోవచ్చు, కోళ్ళు పెంచుకోవచ్చు, మొక్కలు నాటుకోవచ్చు. మూడు నెలలకోసారి ఎన్నిక పెట్టి మేయర్‌ను ఎన్నుకుంటారు. రోడ్డు ఎటు పోవాలో, ఏ ఇల్లు ఉండాలో, ఏది పోవాలో ఆ మేయర్ ఇష్టం.

అప్పుడు నాకు ఇరవై ఏడేళ్ళు. మాది వేంసూరు. ఉద్యోగం మాత్రం చర్ల మండలంలో, అడవి అంచున ఒక చిన్న ఊరికి పంచాయతీ కార్యదర్శి. పెనుబల్లి అమ్మాయి సునీతతో పెళ్ళి కుదిరింది. ఆమె భద్రాచలంలో ఒక దవాఖానాలో ల్యాబ్ టెక్నీషియన్. చర్చిలో నిశ్చితార్థం అయింది, పెళ్ళి నాలుగు నెలల తర్వాత పెట్టారు. "ఈ నాలుగు నెలలు ఇద్దరూ కలిసి తిరుగుడు బాగుండదు, ఫోన్ల మాట్లాడుకోండి," అని పెద్దవాళ్ళు తీర్పు చెప్పారు.

ఫోన్లో మాట్లాడుకోవాలంటే ముందు సిగ్నల్ ఉండాలి కదా! మా ఊళ్ళో సిగ్నల్ చుట్టపుచూపుగా వచ్చిపోయేది. వీడియో కాల్ చేస్తే సునీత ముఖం నాలుగు గళ్ళుగా విడిపోయి, నోరు తెరిచినది తెరిచినట్టే ఆగిపోయేది. అలాంటి సమయంలో ఆమే ఈ ఆట సంగతి చెప్పింది. చిన్న చిన్న బొమ్మలు, కింద టైపు చేసిన మాటలు, అంతే. ఎంత పలుచటి సిగ్నల్ మీదైనా నడిచేది. అందులో అప్పటికే సునీతతో కలిపి వాళ్ళ వాళ్ళు పదముగ్గురు ఉన్నారు. నేను పద్నాలుగోవాణ్ణి.

నది ఒడ్డున, దుంగల మీద నిలబెట్టి ఒక చెక్క ఇల్లు కట్టాం. తలుపుకు నీలం రంగు సునీత వేసింది. ముందు వరండా, వరండాలో ఉయ్యాల. పక్కన ఒక చెట్టు నాటాను. ఆటలో ఇప్పచెట్టు లేదు కాబట్టి ఉన్నదాన్నే ఇప్పచెట్టు అనుకున్నాం. రోజూ సాయంత్రం ఆరు గంటలకు, డ్యూటీ దిగాక, నా బొమ్మ ఆమె బొమ్మ ఆ ఉయ్యాల మీద కూర్చునేవి. నిజం చెప్పాలంటే సునీత ఎవరో నాకు తెలిసింది ఆ వరండాలోనే. మొదటి నవ్వు అక్కడే, మొదటి అలక అక్కడే. "మీరు నాకు నచ్చిండ్రు" అని ఆమె మొదటిసారి రాసింది కూడా అక్కడే. ఆ రోజు ఆనందం పట్టలేక ఆటలో ఉన్న నదిలోకి మూడుసార్లు దూకాను. అందుకే ఆ ఇల్లంటే నాకు ప్రాణం.

ఇక మేయర్ సంగతికి వస్తాను. మేయర్ కరుణమ్మ, సునీత వాళ్ళ అమ్మమ్మ. అరవై ఎనిమిదేళ్ళ మనిషి, సర్కారు దవాఖానాలో హెడ్ నర్సుగా చేసి రిటైరయింది. మోకాలి ఆపరేషన్ అయ్యాక పొద్దుపోవడం లేదంటే మనవలు ఈ ఆట నేర్పారు. ఆమె లోపల అడుగు పెట్టి చూస్తే వీధి నిండా కోళ్ళు, ఎక్కడి చెత్త అక్కడే. నర్సు ప్రాణం ఊరుకుంటుందా? "ఏంది గీ గలీజు?" అని చీర కొంగు దోపింది. తర్వాతి ఎన్నికలో అందరూ ఆమెకే ఓటేశారు. అప్పటి నుంచి ఆమె మీద నిలబడ్డవాడు లేడు. కొత్తరేవును వార్డులా నడిపేది. పొద్దున ఏడింటికి గంట కొట్టించేది, మొక్కలకు నీళ్ళు పోయనివాళ్ళ పేర్లు బోర్డు మీద రాసేది, తుమ్మిన కోడిని విడిగా కట్టేయించేది. ఏ సందేశం పంపినా చివర "వందనాలు" అని ఉండేది.

ఒకరోజు ఆఫీసులో ఉండగా ఫోన్ మోగింది. చూస్తే మేయర్ నోటీసు. "నదికి కరకట్ట రోడ్డు వేస్తున్నాము. ఒడ్డున ఉన్న ఇల్లు రెండు వారాల తర్వాత తీసివేయబడును. వందనాలు." ఒడ్డున ఉన్నది ఒకటే ఇల్లు. పరుగున ఆటలోకి వెళ్ళి చూస్తే మా వరండా మెట్ల ముందు ఎర్ర జెండాలు పాతి ఉన్నాయి.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఊళ్ళో ఎంతమందికో నేనే నోటీసులు అంటించాను. నోటీసు అందుకున్నవాడికి ఎలా ఉంటుందో ఆ రోజే తెలిసింది. సునీతకు ఫోన్ చేస్తే అదృష్టం కొద్దీ కలిసింది.

"చూశావా మీ అమ్మమ్మ చేసిన పని?"

"చూసిన. నాక్కూడ బాధయింది. ఒక్కమాట అడగండి, రోడ్డు జరిపేస్తది."

"అడుక్కోవాల్నా? నేనా? చట్టప్రకారం పోత."

"ఏ చట్టం? ఆటల ఏం చట్టముంటది?"

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు, కానీ కాగితం ఉంది. కాగితం ఉన్నాక మా ఉద్యోగులకు జవాబుతో పనేముంది? వెంటనే మేయర్‌కు అభ్యంతర పత్రం పంపాను. విషయం, సూచిక, "పై విషయమును పురస్కరించుకొని తమరికి తెలియజేయునది ఏమనగా" అంటూ ఒకటిన్నర పేజీ. కింద హోదాతో సహా సంతకం. పది నిమిషాల్లో కరుణమ్మ గారి జవాబు వచ్చింది. "అన్నం తిన్నవా బాబూ? అక్కడ ఎండలు బాగున్నయట. మజ్జిగ తాగు. వందనాలు."

ఒకటిన్నర పేజీకి మజ్జిగ జవాబా! ఇప్పుడు తలుచుకుంటే ఆ మాటలో ఎంత ప్రేముందో తెలుస్తుంది. అప్పుడు మాత్రం అవమానంగా తోచింది. పోయిన ఏడే సర్పంచ్ ఎన్నికల్లో డ్యూటీ చేసి వచ్చాను. బ్యాలెట్ పెట్టెకు సీలు వేసిన చేతులివి. అభ్యర్థులను కూర్చోబెట్టి నామినేషన్లు, ఉపసంహరణలు, గుర్తులు, అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది నేనే. ఎన్నికలంటే నాకు తెలిసినట్టు ఈ జిల్లాలో ఎవరికీ తెలియదని అప్పటి నా నమ్మకం. సరిగ్గా అప్పుడే మేయర్ ఎన్నిక ప్రకటన వచ్చింది. మేయర్‌నైతే రోడ్డు గీత నా చేతిలోనే ఉంటుంది, నిలబడాల్సిందే అనుకున్నాను.

మా దగ్గర ఏ ఎన్నికైనా డమ్మీ అభ్యర్థి లేకుండా ఎవరూ నిలబడరు. అసలువాడి నామినేషన్ చెల్లకపోతే పక్కన మనవాడే ఒకడు ఉండాలని ఆ ఏర్పాటు. నేనూ ఒకణ్ణి పెట్టాను. పంచాయతీ నీళ్ళ ట్యాంకు చూసే సమ్మయ్యను ఆటలో చేర్పించి, ముందు అతనితో నామినేషన్ బటన్ నొక్కించాను. ఏమీ పేలలేదు కాబట్టి తర్వాత నేను నొక్కాను. కరుణమ్మ గారికి తొందరేముంది? ఆదివారం చర్చికి వెళ్ళొచ్చి, భోంచేసి, తీరిగ్గా నొక్కింది. జాబితాలో ఒకటి సమ్మయ్య, రెండు నేను, మూడు మేయర్.

కబురు వేంసూరు చేరడానికి గంట కూడా పట్టలేదు. అమ్మ ఫోన్ చేసింది.

"ఒరేయ్ ప్రభాకరూ, పెండ్లి కార్డులు పంచుతున్నవా, ఓటరు స్లిప్పులు పంచుతున్నవా?"

"అమ్మా, అది ఆట."

"ఆటల నిలబడెటందుకు నీకు పెద్దామెనే దొరికిందా? పిల్లనిచ్చెటోళ్ళు ఏమనుకుంటరు? చర్చిల అందరు నన్నే అడుగుతున్నరు, ఏమమ్మా మీవోడు గెలుస్తడా అని!"

"గెలుస్తనని చెప్పు."

"సిగ్గు లేకుంటె సరి!" అని పెట్టేసింది.

ఆ తర్వాత మామగారు. ఆయన గొంతు వినగానే లేచి నిలబడ్డాను. పెళ్ళి ఆగిపోయిందని చెప్పడానికే చేశారనుకున్నాను.

"అల్లుడు గారూ, మా అత్తమ్మ మీద నిలబడ్డరట, నిజమేనా?" అన్నాడు మెల్లగా.

"అవ్ మామయ్యా. అంటే, వ్యక్తిగతంగా ఏం లేదు..."

"ముప్పై ఏండ్ల సంది ఆమె ముంగట ఎదురు మాట్లాడనీకె నాకు ధైర్యం చాలలే. మీరు పోటీకే దిగిండ్రు. జాగ్రత్త నాయనా." ఆపి, గొంతు ఇంకా తగ్గించాడు. "నా ఓటు మీకే వేద్దునుగాని, నాకు ఆట రాదు. నా ఫోన్ల బటన్లన్నీ ఆమెనే నొక్కుతది."

ఈ ఇద్దరి మాటలు విన్నాక బుద్ధున్నవాడెవడైనా పక్కకు తప్పుకుంటాడు. నేను లెక్క వేసుకోవడానికి కూర్చున్నాను. వాళ్ళ వైపు పదముగ్గురు. వారం రోజులు ఉంటే చాలు, కొత్తగా చేరినవాళ్ళకూ ఓటు వస్తుంది. ఇంకేం! ఊరి మీద పడ్డాను. అంగన్‌వాడీ లక్ష్మి టీచర్, టిఫిన్ సెంటర్ దంపతులు, ఆశా వర్కర్, బస్సు కండక్టర్, ఇద్దరు ట్రాక్టర్ డ్రైవర్లు, ఇలా ఫోన్ ఉన్న ప్రతివాణ్ణీ పట్టుకుని కొత్తరేవులో చేర్పించాను. సమ్మయ్యతో కలిపి పద్నాలుగు మందిని పోగు చేశాను. నాతో పదిహేను. పదిహేనుకు పదమూడు. మేయర్ కుర్చీ నాకు అక్కణ్ణుంచే కనబడింది.

ఇంతలో కరుణమ్మ గారు ఏం చేసిందో తెలుసా? నేను చేర్పించిన ప్రతి ఓటరుకూ ఎదురెళ్ళి, పేరు అడిగి, ఒక జాగా, ఒక కోడిపిల్ల చేతిలో పెట్టి, "ఎండల తిరగకు బిడ్డా, వందనాలు," అని పంపించింది.

లక్ష్మి టీచర్ నా దగ్గరికి వచ్చి అడిగింది. "సార్, మేయరమ్మ మంచిగనే ఉన్నది గదా. ఎందుకు దించుతున్నం?"

"పరిపాలన సరిగా లేదు టీచర్."

"నా కోడిపిల్లకు జ్వరమొస్తే రెండుసార్లొచ్చి చూసింది సార్."

"అది ఓట్ల కోసం."

"మరి మీరు ఒక్కసారన్న చూడలే?" అంది. ఆ రోజు నుంచి ఆమె కోడిపిల్లను నేను కూడా రోజూ చూసి వచ్చాను.

ఆటలో ఉన్న బజారు మధ్య సభ పెట్టాను. "ప్రియమైన కొత్తరేవు పౌరులారా! ఇది పట్నమా, దవాఖానా వార్డా? గంట కొడితే లేవాలి, గంట కొడితే పండాలి! కోడికి స్వేచ్ఛ లేదు, మనిషికి ఇల్లు లేదు!" అని వేళ్ళు నొప్పి పుట్టేదాకా టైపు చేశాను. ముందు వరుసలో తెల్లచీర బొమ్మ ఒకటి బుద్ధిగా కూర్చుని ఉంది. మేయర్ గారే. "మంచిగ మాట్లాడుతున్నవ్ బాబూ. నడుమనడుమ నీళ్ళు తాగు," అని రాసింది. సభ అయ్యాక అందరికీ గారెలు పంచింది. నా పద్నాలుగు మందీ ఆమె ముందు వరుస కట్టారు. చివర్లో నేనూ నిలబడ్డాను. ఆటలో గారె తింటే బలం వస్తుంది, ప్రచారానికి బలం కావాలి కదా.

ఆ పది రోజులూ సాయంత్రం ఆరు గంటలకు సునీత దగ్గర నుంచి ఒకటే ప్రశ్న. "ఇయ్యాల వరండాకు వస్తరా?"

"కుదరదు సునీతా, ఓటర్ల సమావేశం ఉన్నది."

"ఒక్కసారి వచ్చి చూసి పోండి."

"ఆ ఇంటి కోసమే గదా ఈ తిప్పలన్నీ! గెలిచినంక తీరిగ్గ కూసుందాం. ఇంతకీ నీ ఓటు నాకే గదా?"

"రహస్య ఓటు. ట్రైనింగుల మీరే చెప్తరు గదా," అని ఆమె ఒక్కతే వెళ్ళి ఉయ్యాల మీద కూర్చునేది. నాకు జాలి వేసేది. జాలి పడుతూనే ప్రచారానికి వెళ్ళేవాణ్ణి.

ఇక మా ఓటర్లకు ఒక పెద్ద చిక్కు ఉంది. ఆటలో పేర్లన్నీ ఇంగ్లీషులో చీమల్లా ఉంటాయి. పేరు పక్కన అభ్యర్థి బొమ్మ ఉంటుంది కానీ మా సిగ్నల్‌కు ఆ బొమ్మ వచ్చేసరికి తెల్లారుతుంది. బొమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు డబ్బా ఒకటి కనిపిస్తుంది, అంతే. మరి ఓటెలా వేయాలి? ఇక్కడే నా ఎన్నికల అనుభవం పనికొచ్చింది. ఊళ్ళల్లో అభ్యర్థులు నమూనా బ్యాలెట్లు పంచుతారు చూడండి, అలాంటివి తయారు చేశాను. మూడు గళ్ళు, రెండో గడిలో పెద్ద టిక్కు. కింద "బొమ్మ రాకున్నా భయం లేదు, మన నంబరు రెండు!" అని రాశాను. చర్లలో జిరాక్స్ షాపుకు పట్టుకెళ్ళాను. అతను కాగితం తిప్పి తిప్పి చూశాడు.

"సార్, ఏ ఊరి సర్పంచ్‌కు?"

"సర్పంచ్ కాదు, మేయర్."

"చర్ల దిక్కు మేయర్ ఎక్కడున్నడు సార్?"

"ఇంకా లేడు. ఆదివారం అయితడు," అన్నాను కాలరు సర్దుకుంటూ.

వారం రోజులు ఎవరు ఎదురైనా నాదొకటే మాట. "మన నంబరెంత?" "రెండు!" నీళ్ళ దగ్గర "రెండు!" టిఫిన్ సెంటర్లో "రెండు!" పొద్దున ఇడ్లీ ఎన్ని కావాలని అడిగినా నా నోట రెండే వచ్చేది.

ఎన్నిక రోజు పొద్దున సమ్మయ్య కొత్త చొక్కా వేసుకుని వచ్చాడు.

"సార్, నాకు గూడ ఓట్లు పడేటట్టున్నయి. మా అమ్మ చెప్తున్నది."

ఇతను రెండు ఓట్లు చీల్చినా నా పని అయిపోయినట్టే. "సమ్మయ్యా, నువ్వు డమ్మీవి. ఇప్పుడు నాకు మద్దతుగా తప్పుకోవాలె. గెలిచినంక నువ్వే డిప్యూటీ మేయర్."

"కొత్త చొక్కా ఏసుకున్న గద సార్..."

"ప్రమాణ స్వీకారానికి పనికొస్తది. జల్దీ విత్‌డ్రా నొక్కు."

పాపం, తన కొత్త చొక్కా వంక ఒకసారి చూసుకుని నొక్కాడు. నేను అతని వీపు తట్టాను. ఆహా, ఏం వ్యూహం అనుకున్నాను. మీలో తెలివైనవాళ్ళకు ఈపాటికి ఒక అనుమానం వచ్చే ఉంటుంది. నాకు రాలేదు.

మధ్యాహ్నం మూడు గంటలకు పోలింగ్. మా ఊరి మొత్తానికి సిగ్నల్ నిలకడగా దొరికేది రోడ్డు మీద కల్వర్టు దగ్గరే. ట్రాలీ ఆటోలో ఓటర్లందరినీ అక్కడికి చేర్చాను. చాపలు, మిర్చి బజ్జీలు, టీ, అన్ని ఏర్పాట్లూ చేశాను. పదిహేను మందిమి కల్వర్టు మీద వరసగా కూర్చుని ఫోన్లు పైకెత్తి పట్టుకున్నాం. పోలీసు క్యాంపు ఉన్న రోడ్డు అది. అంతమంది ఒక్కచోట కూర్చుంటే ఊరుకుంటారా? బండి మీద ఇద్దరు కానిస్టేబుళ్ళు వచ్చి ఆగారు.

"ఏంది గుంపు?"

"ఓట్లేస్తున్నం సార్," అన్నాడు సమ్మయ్య.

"ఓట్లా? ఎలక్షన్ కోడ్ ఎప్పుడు పడ్డది? సెక్రటరీ సాబ్, మీరు గూడ ఉన్నరేంది?"

"ఇది ఫోన్ల ఎన్నిక సార్. ఒక ఆట. నేను మేయర్‌కు నిలబడ్డ."

పెద్దాయన నా ఫోన్‌లోకి తొంగి చూశాడు. "ఎవరి మీద?"

"మా... నేను చేసుకోబోయే అమ్మాయి వాళ్ళ అమ్మమ్మ మీద."

ఆయన నన్ను కింద నుంచి పైదాకా చూశాడు. "పెండ్లెప్పుడు?"

"ఇంకా పది రోజులున్నది సార్."

"అయితదా?" అన్నాడు. జవాబు కోసం ఆగకుండా, ఒక బజ్జీ తీసుకుని బండి స్టార్ట్ చేశాడు.

మూడయింది. బ్యాలెట్ తెరుచుకుంది. బొమ్మలు రాలేదు, అన్నీ బూడిదరంగు డబ్బాలే. "తయారేనా? మన నంబరెంత?" అని అరిచాను. "రెండూ!" అని కల్వర్టు దద్దరిల్లింది. పద్నాలుగు బొటనవేళ్ళు ఒక్కసారే రెండో గడి మీద పడ్డాయి. పదిహేనోది నాది. అదీ అక్కడే పడింది.

అయిదింటికి ఫలితం వచ్చింది. సిగ్నల్ మెల్లగా తెస్తుంటే ముందు అంకెలు కనిపించాయి. ఇరవై ఏడు. ఒకటి. ఇరవై ఏడు చూడగానే నా ఓటర్లు నన్ను అమాంతం ఎత్తుకున్నారు. వాళ్ళ వైపు వాళ్ళు కూడా నాకే వేశారా అని నా కళ్ళు చెమర్చాయి. మెడలో బంతిపూల దండ పడింది. ఆ తర్వాత బొమ్మలు వచ్చాయి. ఇరవై ఏడు పక్కన తెల్లచీర. ఒకటి పక్కన నేను.

ఎత్తుకున్నవాళ్ళు దించేశారు. మెల్లగా కూడా దించలేదు.

"మోసం!" అన్నాను. "ఎవరో అమ్ముడుపోయిండ్రు! రెండు నొక్కనిదెవరు?"

"రెండే నొక్కినం సార్," అన్నారు అందరూ. లక్ష్మి టీచర్ కోడిపిల్ల మీద ఒట్టేసింది.

సమ్మయ్య గొంతు సవరించుకున్నాడు. "సార్, చిన్న డౌటు. ఒకటో నంబరు నేను గదా. పొద్దుగాల తప్పుకున్న. మరి ఒకటో నంబరు ఎవరికి పోయింది?"

ఒకటి ఖాళీ అయితే రెండులో ఉన్న నేను ఒకటికి వెళ్ళాను. మూడులో ఉన్న మేయర్ రెండుకు వచ్చింది. ఉపసంహరణలు పూర్తయ్యాకే వరుస ఖరారవుతుందని, అప్పటిదాకా ఎవరూ నమూనా బ్యాలెట్లు కొట్టించుకోవద్దని సర్పంచ్ అభ్యర్థులకు మైకు పట్టుకుని చెప్పింది ఎవరు? నేనే. వారం రోజులు ఊరి మీద పడి కరుణమ్మ గారి కోసం అంత గట్టిగా ప్రచారం చేసింది ఎవరు? అదీ నేనే.

"పోనీలే," అన్నాను దండ తీస్తూ. "కనీసం నా ఓటు నాకు పడ్డది."

"మీరు ఏ నంబరు నొక్కిండ్రు సార్?" అన్నాడు సమ్మయ్య.

నేను నా బొటనవేలి వంక చూసుకున్నాను. ఆ తర్వాత లక్ష్మి టీచర్‌కు నవ్వు ఆగలేదు. ఆమె నుంచి టిఫిన్ సెంటరాయనకు, ఆయన నుంచి డ్రైవర్లకు అంటుకుంది. ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. చివరికి నాకూ వచ్చింది. ఏం చేస్తాను?

నవ్వయిపోయాక ఇల్లు గుర్తొచ్చింది. కూల్చేముందు ఒక్కసారి చూసుకుందామని పది రోజుల తర్వాత మా వరండాకు వెళ్ళాను. సునీత బొమ్మ ఉయ్యాల మీద ఉంది.

"ఓడిపోయిన సునీతా. మన ఇల్లు కాపాడలేకపోయిన."

"మెట్ల కింద చూడండి," అంది.

చూశాను. ఎర్ర జెండాలు మెట్ల ముందు లేవు. మా ఇంటిని, మా ఇప్పచెట్టును చుట్టి అవతలి నుంచి వంపు తిరిగి వెళ్ళాయి. ఈలోగా తెల్లచీర బొమ్మ గట్టు మీదుగా నడుచుకుంటూ వచ్చింది.

"రోడ్డు ఎప్పుడు జరిపిండ్రు అమ్మమ్మా?"

"నువ్వు కాయితం రాసిన రోజే బాబూ. ఇల్లంటే అంత ప్రేమున్నోడిది ఎట్ల కూలగొడుత? వచ్చి చూసుకుంటవనుకున్న. నువ్వు నామినేషన్ ఏసినవ్."

"మరి నాకు చెప్పలేదేంది?" అని సునీతను అడిగాను.

"రోజూ రమ్మనే గదా పిలిచిన. ఎందుకని మాత్రం చెప్పొద్దని అమ్మమ్మ ఒట్టు పెట్టించుకున్నది. పిల్లోడు సరదా పడుతున్నడు, నిలబడనీ అంది."

పది సాయంత్రాలు. దేనికోసం పోరాడానో అది పది రోజులూ క్షేమంగా ఉంది, నా కోసం ఎదురుచూసింది. నేనే రాలేదు. సునీతకు క్షమాపణ చెప్పాను, ఈసారి విషయం, సూచిక లేకుండా. ఆమె ఉయ్యాలలో పక్కకు జరిగి చోటిచ్చింది.

"అది సరే సునీతా, థాంక్స్," అన్నాను. "ఊరంతా అమ్మమ్మకేసినా నువ్వొక్కదానివి నాకు వేసినవ్."

"నేనా? నేను అమ్మమ్మకే వేసిన. మీరు గెలిస్తే పెండ్లి దాకా మిమ్మల్ని ఎవరు భరించాలె?"

"మరి ఆ ఒక్క ఓటు ఎవరిది?"

తెల్లచీర బొమ్మ ఉయ్యాల దగ్గరికి వచ్చింది. తర్వాత అక్షరాలు ఒక్కొక్కటే వచ్చాయి.

"నాదే బాబూ. మన ఓటు మనమే వేసుకుంటే ఏం మర్యాద? నా ఓటు నీకేసిన. నువ్వు చూస్తే నీ ఓటు నాకేసినవట, సమ్మయ్య చెప్పిండు. ఇంత పొందిక ఉన్నోళ్ళకు మన నడుమ ఎన్నికెందుకు నాయనా? అన్నం తిను. వందనాలు."

పెళ్ళి అనుకున్న రోజునే అయింది. పంక్తిలో మామగారు నా చెవిలో, "ఒక్క ఓటన్న తెచ్చుకున్నరు అల్లుడు గారూ, నాకైతే అది గూడ రాకపోతుండె," అని మెచ్చుకున్నాడు. సమ్మయ్య కొత్త చొక్కా వేసుకునే వచ్చాడు.

కనుక ప్రజలారా, మా వరండా సాక్షిగా, ఇంకా వంపు తిరిగే ఉన్న ఆ కరకట్ట సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. నేల మీద గానీ, ఫోన్‌లో గానీ, కరుణమ్మ గారు బరిలో ఉన్న ఏ ఎన్నికలోనూ నేను ఈ జన్మలో నిలబడను. నా ఓటు ఆమెకే వేస్తాను. పోయినసారి వేసినట్టే.